ఈ పేరా ఏ ప్రశ్నకు జవాబు? సమాచార పాఠాల అమరికను పిల్లలకు పట్టించడం

ధవళేశ్వరం ఆనకట్ట మీద పాఠం చదివించి "ఏం తెలిసింది?" అని అడిగితే ఏడో తరగతి పిల్లలు ముందుగా చెప్పేవి అంకెలే. 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది, 175 గేట్లున్నాయి. తడబడకుండా గడగడా చదివిన పిల్లలు కూడా అంతకు మించి చెప్పరు. పైగా ఈ మూడు అంకెలూ ఒక కట్టడానివి కావు. 1852లో పూర్తయింది పాత రాతి ఆనకట్ట. 175 గేట్లు ఆ తర్వాత వందేళ్లు దాటాక, 1970లలో పని మొదలుపెట్టి కట్టిన కాటన్ బ్యారేజీవి. పాఠంలో ఆ రెండూ వేరువేరు పేరాల్లోనే ఉంటాయి. ఒక పేరా కాలక్రమం చెబుతోందనీ, రెండోది కట్టడం ఎలా ఉంటుందో చెబుతోందనీ గమనించని పిల్లవాడికి అన్నీ ఒకే కుప్పగా కనిపిస్తాయి.

దీన్ని చదవడం రాకపోవడం అనుకుని మళ్లీ మళ్లీ బిగ్గరగా చదివిస్తే లాభం లేదు. పాఠంలో ఏ వాక్యం దేనికోసం ఉందో చూడడం పిల్లలకు ఎవరూ నేర్పలేదు. కథ వినడం ఇంట్లోనే అలవాటవుతుంది: ఒకరుంటారు, చిక్కు వస్తుంది, చివరికి విడిపోతుంది. సైన్సు, సాంఘికశాస్త్రం పాఠాలను పట్టుకునే అలవాటు ఇంట్లో దొరకదు. అది బడిలోనే కలగాలి.

చదువరుల మీద ఈ విషయంలో 1970ల నుంచి పరిశోధన చేసిన బోనీ మేయర్, సహచరులతో కలిసి 1980లో తొమ్మిదో తరగతి పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. రచయిత వాడిన అమరికనే ఆధారం చేసుకుని తిరిగి చెప్పిన పిల్లలకు ఎక్కువ విషయం గుర్తుందని అందులో తేలింది. సాధారణంగా చెప్పుకునే అమరికలు అయిదు: వర్ణన, క్రమం, పోలిక, కారణం–ఫలితం, సమస్య–పరిష్కారం. ఈ పేర్లు బోర్డు మీద రాసి, నిర్వచనాలు వల్లె వేయించడంతోనే చాలాచోట్ల ఈ పని చెడిపోతుంది. పేరు పిల్లలకు చివర్లో ఇచ్చినా నష్టం లేదు. ముందు ఇవ్వాల్సింది ప్రశ్న.

ఒకే సంగతి, అయిదు ప్రశ్నలు

మొదటి పాఠానికి పిల్లలకు బాగా తెలిసిన ఒకే అంశాన్ని అయిదు రకాలుగా రాసి ఇవ్వండి. అంశం మారితే పిల్లల దృష్టి అంశం మీదికి పోతుంది. అంశం మారకపోతే తేడా అమరికలోనే ఉందని తెలుస్తుంది. డెల్టా పిల్లలకు బ్యారేజీని మించిన అంశం లేదు.

"బ్యారేజీ నాలుగు భాగాలుగా ఉంది. ధవళేశ్వరం భాగానికి 70 గేట్లు, ర్యాలి భాగానికి 43, మద్దూరు భాగానికి 23, విజ్జేశ్వరం భాగానికి 39. నడుమ లంకలున్నాయి." ఇది "ఎలా ఉంటుంది, ఏమేం ఉన్నాయి" అన్న ప్రశ్నకు జవాబు. వాక్యాలను అటూ ఇటూ మార్చినా పెద్దగా చెడదు. వర్ణనకు అదే గుర్తు.

"1844లో కాటన్ నదిని పరిశీలించి నివేదిక ఇచ్చాడు. 1847లో పని మొదలైంది. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది." ఇక్కడ ప్రశ్న "ఏది ముందు, ఏది తర్వాత". రెండు వాక్యాలు తారుమారు చేస్తే అబద్ధమవుతుంది.

"పాత ఆనకట్ట రాతి గోడ. నీళ్లు ఆ మట్టం దాటితే పైనుంచి పొర్లిపోయేవి. బ్యారేజీలో మాత్రం గేట్లు ఎత్తి దించుతూ మట్టాన్ని నిలుపుతారు." ఇది "ఏ విషయంలో ఒకటి, ఏ విషయంలో వేరు" అన్నదానికి జవాబు.

"నదికి అడ్డుకట్ట పడడంతో నీటిమట్టం పెరిగింది. మట్టం పెరగడంతో నీరు తనంతట తానే కాలువల్లోకి పారింది. వానల మీదే ఆధారపడిన చేలకు సాగునీరు అందింది." ప్రశ్న "ఎందుకు, దాంతో ఏమైంది".

"1832–33 డొక్కల కరువులో జనం మాడి చచ్చారు. పక్కనే గోదావరి సముద్రంలోకి పోతున్నా చేలకు చుక్క అందేది కాదు. అందుకని నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు తవ్వారు." ఇక్కడ ప్రశ్న "ఇబ్బంది ఏమిటి, ఎవరు ఏం చేశారు".

చివరి పేరాలోనూ సంవత్సరం ఉంది. సంవత్సరం కనబడగానే "క్రమం" అనేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లను తప్పు పట్టకుండా ఆ సంవత్సరాన్ని కొట్టేసి మళ్లీ చదవమనండి. అసలు సంగతి చెడకపోతే ఆ పేరాను కాలక్రమం నిలబెట్టడం లేదన్నమాట. రెండో పేరాలో సంవత్సరాలన్నీ కొట్టేస్తే దాదాపు ఏమీ మిగలదు.

తెలుగులో ఆనవాళ్లు ఎక్కడుంటాయి

ఇంగ్లీషు పాఠాలకు తయారైన పద్ధతిని తెలుగులోకి తెచ్చేవాళ్లు మొదట చేసేది ఆనవాలు మాటల పట్టిక వేయడం: మొదట, తర్వాత, ఎందుకంటే, కాబట్టి, అయితే. పట్టిక మంచిదే, కానీ తెలుగులో అది సగం పనికూడా చేయదు. మన భాషలో వాక్యాల మధ్య బంధం విడి మాటగా కాక క్రియ చివర అతుక్కుని వస్తుంది. పిల్లలు విడి మాటల కోసం వెతుకుతూ, అసలు ఆనవాలు ఉన్న చోటును దాటిపోతారు.

ఈ రెండు వాక్యాలు చూడండి.

"నారు తీసి, కట్టలు కట్టి, చేలోకి మోసి, నాట్లు వేశారు."

"మురుగు కాలువలో గుర్రపుడెక్క పెరిగి, నీరు లాగక, చేలు మునిగి, నాట్లు కుళ్ళిపోయాయి."

రెంటిలోనూ ఒక్క ఆనవాలు మాట లేదు. రెంటిలోనూ దాదాపు అన్నీ క్త్వార్థకాలే, అంటే "తీసి", "పెరిగి" లాంటి అసమాపక క్రియలే. మొదటిది పనుల క్రమం, రెండోది కారణాల గొలుసు. క్త్వార్థకం అంటే ఏమిటో, శత్రర్థకం ("చేస్తూ" లాంటిది) అంటే ఏమిటో వ్యాకరణం కింద చెబుతూనే ఉన్నాం. పదో తరగతిలో "వర్షాలు లేక పంటలు పండలేదు" లాంటి వాక్యం ఇచ్చి హేత్వర్థకం, అంటే కారణం చెప్పేది, అని రాయిస్తున్నాం. ఆ జ్ఞానమంతా మార్కుల దగ్గరే ఆగిపోతోంది. సాంఘికశాస్త్రం పేరా అర్థం చేసుకోవడానికి అదే పనిముట్టు అని పిల్లలకు తెలియడం లేదు.

పై రెండు వాక్యాలను విడదీయడానికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి, ముక్కల మధ్య "అందువల్ల" పెట్టి చదవడం. "గుర్రపుడెక్క పెరిగింది, అందువల్ల నీరు లాగలేదు, అందువల్ల చేలు మునిగాయి" అంటే అతుకుతుంది. "నారు తీశారు, అందువల్ల కట్టలు కట్టారు" అంటే అతకదు, "ఆ తర్వాత" అంటేనే అతుకుతుంది. రెండోది, ప్రతి క్రియకూ కర్త ఎవరో అడగడం. మొదటి వాక్యంలో అన్ని పనులూ కూలీలవే, కర్త ఒక్కరే. రెండోదాంట్లో పెరిగింది గుర్రపుడెక్క, లాగనిది నీరు, మునిగినవి చేలు, కుళ్ళినవి నాట్లు. క్త్వార్థకం దగ్గర కర్త మారితే అక్కడ చాలావరకు కారణం దాగి ఉంటుంది. ఇది ఎప్పుడూ నిలిచే నియమం కాదు గానీ, ఏడు, ఎనిమిది తరగతుల పాఠాల్లో పిల్లలకు ఇంతకంటే నమ్మకమైన ఆధారం దొరకదు. ఈ ఒక్క పరీక్షకు ఒక పూర్తి పీరియడ్ ఇవ్వండి. ఆరేడు వాక్యాలు బోర్డు మీద రాసి, క్రియల కింద గీత గీయించి, కర్తలను పైన రాయిస్తే చాలు.

వార్తాపత్రికల భాషలో కారణం ఇంకా లోపలికి పోతుంది. "భారీ వర్షాలతో నేలకొరిగిన వరి" అన్న శీర్షికలో కారణం "తో"లో ఉంది. "మురుగు కాలువలు పూడిపోయిన ఊళ్లలో చేలు మునిగాయి" అన్నప్పుడు ఊళ్లకు విశేషణంగా కనబడే మాటే అసలు కారణం. ఇలాంటి వాక్యాన్ని రెండుగా విడగొట్టించడం మంచి అభ్యాసం: "కాలువలు పూడిపోయాయి. చేలు మునిగాయి." ఇప్పుడు మధ్యలో ఏ మాట పెట్టాలో పిల్లలే చెబుతారు.

పోలికకు "కంటే" ఒక్కటే ఆనవాలు కాదు. "మాత్రం", "అయితే", "ఏమో" అన్నవి ఇంకా ఎక్కువగా ఆ పని చేస్తాయి. "సార్వాకు స్వర్ణ వేస్తారు, దాళ్వాకు మాత్రం 1010." (సార్వా తొలకరి పంట, దాళ్వా రెండో పంట; స్వర్ణ, 1010 వరి రకాలు.) ఈ మాటల్లో "అయితే"తోనే తికమక. "వాన ఆలస్యం అయితే నాట్లు ఆగుతాయి. అయితే, కాలువ నీరుంటే ఆగవు" లాంటి చోట అదే మాట ఒకసారి షరతుగా, ఒకసారి తేడా చూపడానికి వస్తుంది. పట్టికలో "అయితే = పోలిక" అని రాయించకండి.

ఏది ముందు, ఎన్ని రోజులు

చాలా పుస్తకాలు వర్ణనతో మొదలుపెడతాయి, తేలిక అని. నిజానికి అన్నిటికంటే వదులుగా ఉండే అమరిక అదే, దాన్ని పట్టుకోవడమే కష్టం. క్రమంతో మొదలుపెట్టండి. తర్వాత పోలిక, ఆ తర్వాత కారణం–ఫలితం, సమస్య–పరిష్కారం. వర్ణన చివర. వారానికి మూడు పీరియడ్ల చొప్పున ఒక్కో అమరికకు రెండు వారాలు పడుతుంది. కారణం–ఫలితానికి మూడు.

క్రమానికి ఆత్రేయపురం పూతరేకుల తయారీ మంచి పాఠం. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పలుచగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, కింద మంట పెట్టిన బోర్లించిన కుండ మీద లాగుతారు. రేకు క్షణాల్లో ఆరి విడుస్తుంది. తర్వాత నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం పొడి చల్లి మడుస్తారు. దీన్ని ఆరు చీటీలుగా రాసి, కలిపేసి, నలుగురు పిల్లలకు ఒక కట్ట ఇవ్వండి. వరుసలో పెట్టడం తేలికే. పెట్టాక అడగాల్సిన ప్రశ్న ముఖ్యం: "ఏ రెండు చీటీలు మార్చితే పని చెడుతుంది? ఏవి మార్చినా ఫరవాలేదు?" నెయ్యి ముందా, పంచదార ముందా అన్నచోట పిల్లలు వాదించుకుంటారు. ఆ వాదన కావాలి, అందులోనే క్రమం ఎందుకు అవసరమో తేలుతుంది. చీటీల్లో "మొదట", "చివరగా" అన్న మాటలు లేకుండా చూసుకోండి. ఉంటే పిల్లలు చదవకుండానే వరుస పెట్టేస్తారు.

పోలికకు రెండు వలయాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునే బొమ్మ బాగా వాడుకలో ఉంది. దాన్ని మొదట్లో వాడకపోవడమే మేలు. అందులో పిల్లలు స్వర్ణ వైపు "145–150 రోజుల పంట" అనీ, 1010 వైపు "గింజ పొడవు" అనీ రాసి, పోల్చామనుకుంటారు. ఒకవైపు కాలం, మరోవైపు గింజ, పోలిక ఎక్కడుంది? దానికి బదులు మూడు నిలువు గడులు వేయించండి. నడి గడిలో "ఏ విషయంలో" అన్నది ముందు నిండాలి: పంటకాలం, వేసే కారు, గింజ తీరు. తర్వాతే రెండు వైపులా. స్వర్ణ, 1010 రెండూ మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చినవే అని తెలిసిన పిల్లవాడు దాన్ని ఎక్కడ రాయాలని అడిగితే, "పుట్టిన చోటు" అని ఇంకో వరుస వేయించండి. ఒక విషయంలో పోలిక కూడా పోలికే.

కారణాల బొమ్మలో బాణాలు రెండు రకాలు వేయించాలి. గుర్రపుడెక్క వాక్యంలో ఒకదాని వెనక ఒకటి వచ్చే గొలుసు. 2011 సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే (ఆ కారుకు సాగు మానేయడం) ప్రకటించిన వార్తలో గిట్టుబాటు ధర లేకపోవడం, కూలి ఖర్చులు పెరగడం, మురుగునీరు పోకపోవడం, ఇవన్నీ వేరువేరుగా వచ్చి ఒకే నిర్ణయం మీద కలుస్తాయి. గొలుసులో ఒక ముక్క తీసేస్తే తర్వాతిది జరగదు. కలిసే బాణాల్లో ఒకటి తీసేసినా మిగతావి ఉంటాయి. ఈ తేడా తెలియని పిల్లలు అన్నీ వరుసగా కిందికి రాసేస్తారు: ధర లేదు, అందువల్ల కూలి పెరిగింది! అలా రాసిన కాగితాన్నే బిగ్గరగా చదివిస్తే తప్పు వాళ్లకే వినబడుతుంది.

కారణం–ఫలితమా, సమస్య–పరిష్కారమా

తరగతి గదిలో అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. సమస్యకు కారణం ఉంటుంది, పరిష్కారానికి ఫలితం ఉంటుంది, కాబట్టి పిల్లలు అనుమానపడడం న్యాయమే. గీటురాయి ఒక్కటి: ఎవరైనా పూనుకుని చేసిన పని ఉందా? ఉప్పాడ తీరాన్ని అలలు ఎలా కోసేస్తున్నాయో, ఇళ్లు ఎలా పోతున్నాయో మాత్రమే చెబితే అది కారణం–ఫలితం. కోతను ఆపడానికి రాళ్లు పరిచారు, జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు) గోడ కట్టారు అని చెబితే సమస్య–పరిష్కారం. జియోట్యూబ్ గోడ తర్వాత అలల ధాటికి దెబ్బతింది. కాబట్టి ఈ అమరికకు వేసే బొమ్మలో రెండు గడులు చాలవు. మూడో గడి ఉండాలి: "పనిచేసిందా?" ఆ గడి లేకపోతే పిల్లలు ప్రతి పరిష్కారాన్నీ సాఫల్యంగా రాసేస్తారు, పాఠం అలా చెప్పకపోయినా.

కలగాపులగం పాఠాలు

ఒకే అమరికతో నడిచే పేరాలు మనం తరగతి కోసం రాసుకున్నవే. పాఠ్యపుస్తకంలో, పత్రికలో అలా ఉండవు. వరదల వార్త ఒకటి తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు. అంకెలు పెరుగుతున్నాయి కదా అని పిల్లలు దీన్ని క్రమం అంటారు. ఇది జరిగిన వరుస కాదు, ఏ మట్టానికి ఏ హెచ్చరికో చెప్పే వర్గీకరణ. వర్ణన కిందికే వస్తుంది. రెండు ఊళ్లను పక్కపక్కన పెట్టాక పోలిక అవుతుంది. ఆ కింది పేరాలోనే 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంక గ్రామాలు మునిగి, జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలించారని ఉంటే, ముందు కారణం–ఫలితం, చివర సమస్య–పరిష్కారం.

ఇలాంటి పాఠానికి మొత్తానికి ఒక పేరు పెట్టమని అడగకండి. పేరాపేరాకూ పక్క అంచులో ప్రశ్న రాయించండి: "ఎంత మట్టానికి ఏ హెచ్చరిక?", "ఎందుకు మునిగాయి?", "ఏం చేశారు?" ఆ తర్వాత ఒక్క ప్రశ్న: "వీటిలో ఏది తీసేస్తే మిగతావి ఎందుకు చెబుతున్నారో తెలియదు?" ఆ పేరాదే మొత్తం పాఠం అమరిక. ఇద్దరు పిల్లలు వేరు పేరాలు చూపి, ఇద్దరూ కారణం చెప్పగలిగితే ఇద్దరికీ మార్కులివ్వండి.

ఆంధ్రప్రదేశ్ బడుల్లోని ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఈ పనికి బాగా అక్కరకొస్తాయి. ఎదురెదురు పేజీల్లో ఒకే పేరా తెలుగులో, ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు వైపు "బికాజ్", "దేర్‌ఫోర్" లాంటి విడి మాటకు పెన్సిలుతో సున్నా చుట్టించి, అదే బంధం తెలుగు వైపు ఏ క్రియ చివర ఉందో వెతికించండి. "డంతో", "అక", "ఇ", "వల్ల" దొరుకుతాయి. కొన్నిచోట్ల ఏమీ దొరకదు, వాక్యాల వరుసే ఆ పని చేస్తుంది. అక్కడ ఏ మాట పెట్టవచ్చో పిల్లలతో రాయించండి.

రాయించడం, పరీక్షించడం

బొమ్మ నింపాక దాన్నుంచి నాలుగు వాక్యాల సారాంశం రాయించకపోతే, బొమ్మ గీయడం ఒక ముగ్గు పని అయిపోతుంది. మొదట్లో చట్రం ఇవ్వండి. "___కు ___ అనే ఇబ్బంది ఉండేది. దానికి ___ చేశారు. దాంతో ___." పోలికకు: "___, ___ రెండూ ___. ___ విషయంలో మాత్రం మొదటిది ___, రెండోది ___." నాలుగైదు సార్లు అయ్యాక చట్రం తీసేయండి. తీయకపోతే పిల్లలు పాఠాన్ని చదవకుండా, ఖాళీలకు సరిపడే మాటలు ఏరుకుంటారు. ఖాళీలు నిండి, అర్థం లేని వాక్యాలు కనబడితే చట్రం ఎక్కువకాలం ఉందని గుర్తు.

పరీక్షలో "ఇది ఏ అమరిక?" అని నాలుగు ఎంపికలిచ్చి అడిగితే తెలిసేది తక్కువ. వాటిలో రెండు ఎలాగూ తోసిపుచ్చవచ్చు. చదవని పేరా ఒకటి, 100 నుంచి 120 మాటలది, ఆనవాలు మాటలు చాలావరకు తీసేసి ఇవ్వండి. మూడు అడగండి: ఈ పేరా ఏ ప్రశ్నకు జవాబు? ఏ వాక్యం తీసేస్తే మిగతావి నిలబడవు? దీని తర్వాత ఇంకో వాక్యం వస్తే అది దేని గురించి ఉండవచ్చు? మూడోది అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. మురుగు కాలువల పేరా చదివి, తర్వాతి వాక్యం "కాలువల పూడిక ఎవరు తీశారో" ఉండవచ్చని రాసిన పిల్లకు అమరిక అందింది, దాని పేరు తప్పు రాసినా సరే. పేరు సరిగ్గా రాసి, తర్వాతి వాక్యంగా "గుర్రపుడెక్కకు ఊదా పూలు పూస్తాయి" అని రాసిన పిల్లవాడిని మళ్లీ క్త్వార్థకాల దగ్గరికి, కర్త ఎవరన్న ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లాలి. అతనికి కొత్త అమరిక మొదలుపెట్టకండి, అదే పేరాలో క్రియలకు గీతలు గీయించి, కర్తలను పైన రాయించండి.